కొండ మీద పెళ్లికి, పూలు లేకుండా 1970ల నాటి కొప్పు: ఇంట్లోనే వేయడం సాధ్యమేనా?

మంగాపురం చెల్లెలు:

అందరికీ నమస్కారం. మాఘమాసంలో మా అక్క పెళ్లి తిరుమలలో చేయాలని పెద్దలు నిశ్చయించారు. ముహూర్తం ఉదయం పూట కొండ మీద, విందు ఆ సాయంత్రమే తిరుపతిలో. 1970ల మొదట్లో తీయించిన మా అవ్వ పెళ్లి ఫొటో ఒకటి మా ఇంట్లో ఉంది. అందులో నుదుటి పైన జుట్టు ఎత్తుగా పొంగి ఉంటుంది, తల వెనుక చుట్లు చుట్లుగా పెద్ద కొప్పు కనిపిస్తుంది, చెవి పక్కన ఒక ముంగురు రింగులా దిగి ఉంటుంది. మా ఇంట్లో దాన్ని అందరూ వాణిశ్రీ కొప్పు అనే అంటారు. అక్కకు ముహూర్తం వేళ అచ్చం అటువంటి కొప్పే కావాలట.

ఒక పార్లర్‌లో అడిగితే, ముందు జుట్టంతా వేడి యంత్రంతో రింగులు తిప్పి, స్ప్రే దట్టంగా కొట్టి, పైన కృత్రిమ జుట్టు బిగిస్తామన్నారు. అక్క జుట్టు నడుము దాకా ఉంటుంది కానీ వెంట్రుక చాలా సన్నం. పైగా మాది బోరు నీళ్ల ఇల్లు, ఇప్పటికే జుట్టు పొడిబారి ఉంది. అందువల్ల వేడి తగలకుండా ఇంట్లో నేనే వేయాలని అనుకుంటున్నాను. పిన్నులు పెట్టిన కాసేపటికే జారిపోవడం మొదటి ఇబ్బంది. కొండ మీద తలలో పూలు పెట్టుకోకూడదన్న నియమాన్ని మా ఇంట్లో కచ్చితంగా పాటిస్తారు గనుక, కొప్పులోని సందులను, పిన్నులను మల్లెచెండుతో కప్పేసే వీలు లేకపోవడం రెండవది. అదీగాక, పోయినసారి కొండకు వెళ్లినప్పుడు అక్క మూడు కత్తెర్లు ఇచ్చింది, కొసలు హెచ్చుతగ్గులుగా ఉండి రోలరు చుడితే బయటికి పొడుచుకు వస్తున్నాయి. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

తిలక్ రోడ్డు అలంకరణ:

అమ్మా, నేను తిరుపతిలో చాలా ఏళ్లుగా పెళ్లికూతుళ్లకు జడలు, కొప్పులు వేస్తున్నాను. మీ అక్కగారు కోరుకున్న కొప్పు ఇంట్లో వేయవచ్చు. అయితే ఎలా వేయాలో ఆలోచించే ముందు, ముహూర్తం వేళ ఆ తల మీద ఏమేం జరుగుతాయో ఒకసారి వరుసగా తలుచుకోండి. బాసికం కడతారు, దాని దారాలు చెవుల పై నుంచి వెనక్కి వెళ్లి మెడ దగ్గర ముడిపడతాయి. జీలకర్ర బెల్లం సరిగ్గా నడినెత్తిన పెడతారు. ఆ తర్వాత తలంబ్రాలు. ఫొటో స్టూడియోలో నిలబడి తీయించుకునే కొప్పుకు ఈ బాధలేవీ ఉండవు. మీ అవ్వగారి ఫొటో కూడా బహుశా తంతు ముగిసిన తర్వాత తీసినదే అయి ఉంటుంది.

కాబట్టి నేనైతే తలను మూడు భాగాలుగా చూస్తాను. ఒక చెవి నుంచి ఇంకో చెవికి నడినెత్తి ముందుగా పాపిట తీసి, ముందు భాగాన్ని పఫ్ కోసం, అంటే నుదుటి పైన ఆ పొంగు కోసం, వదులుతాను. నడినెత్తిన మూడు వేళ్ల వెడల్పున జుట్టును ఏమీ ఉబ్బించకుండా, చిక్కు కట్టకుండా, నున్నగా వెనక్కి దువ్వేస్తాను. జీలకర్ర బెల్లం పడేది అక్కడే. దాని వెనుక నుంచి కొప్పు మొదలవుతుంది. ఎదుటి నుంచి చూసేవారికి, ఫొటోకు ఆ చదును కనిపించదు. ముందు పఫ్, వెనుక కొప్పు కలిసి ఒకే ఎత్తుగా కనిపిస్తాయి. కొప్పు అడుగు మాత్రం మెడకు బాగా పైన ఉండాలి, లేకపోతే బాసికం ముడి వేసేటప్పుడు పురోహితులవారి చేయి తగిలి కింది చుట్టు ఊడుతుంది. చెవి పక్క ముంగురును బాసికం కట్టడం అయ్యాకే పిన్ను తీసి వదలండి.

ఇక జుట్టు జారడం గురించి. సన్నని జుట్టు జారుతుంటే పిన్నుల సంఖ్య పెంచడం అందరూ చేసే పని, కానీ జారుడు తగ్గేది పిన్నులతో కాదు, ముందురోజు రాత్రి జుట్టును పదును చేయడంతో. పెళ్లికి ముందురోజు ఉదయమే తలంటి, నూనె రాయకుండా ఆరనివ్వండి. అవిసె గింజల జిగురు తయారు చేసుకోండి. పావు కప్పు గింజలకు రెండు కప్పుల నీళ్లు పోసి, సన్నని సెగ మీద కలుపుతూ మరిగిస్తే కోడిగుడ్డు తెల్లసొనలా తీగలు సాగుతుంది. వేడిగా ఉండగానే పలుచని గుడ్డలో వడకట్టాలి, చల్లారితే గుడ్డలోంచి దిగదు. ఫ్రిజ్‌లో ఉంచి వారంలోపు వాడేయాలి. సాయంత్రం ఈ జిగురులో కొంచెం నీళ్లు కలిపి, జుట్టు కారేంత తడి కాకుండా, చేతికి చెమ్మ తగిలేంత మాత్రమే పట్టించండి. ముందు భాగాన్ని అంగుళం వెడల్పు పాయలుగా తీసి, నుదుటి నుంచి వెనక్కి రోలర్లకు చుట్టండి. ఒక్కో పాయ కొసను పలుచని టిష్యూ కాగితంలో మడిచి, ఆ కాగితంతో సహా చుట్టడం మొదలుపెడితే, మూడు కత్తెర్లు ఇచ్చిన చోట కూడా కొసలు బయటికి పొడుచుకు రావు. వెనుక జుట్టు నడుము దాకా ఉంది గనుక రోలర్లకు లొంగదు. పాత నూలు చీర చింపిన పేలికలతో నాలుగైదు పాయలుగా చుట్టి, కొసన ముడి వేయండి. దిండు మీద పడుకున్నా నొప్పి పుట్టదు.

ఉదయం అన్నీ ఒకేసారి విప్పకండి. ముందు ఒక చుట్టు కొద్దిగా వదులు చేసి, లోపలికి వేలు పెట్టి చూడండి. చల్లగా తగిలితే తడి ఇంకా ఉన్నట్టే, విప్పితే గంటలోపు పడిపోతుంది. దాన్ని తిరిగి చుట్టి ఫ్యాను కింద కూర్చోబెట్టండి. ఈ ఒక్క పని దగ్గర తొందరపడితే తర్వాత ఎన్ని పిన్నులు పెట్టినా లాభం లేదు.

కొప్పు లోపలి ఎత్తు కోసం సొంత జుట్టును చిక్కు కట్టనక్కరలేదు. తల దువ్వినప్పుడు రాలిన వెంట్రుకలను, స్టీలు గిన్నెలవాడికి వేసే బదులు, ఉండగా చుట్టి నల్లని నెట్‌లో పెట్టి కుట్టేస్తే చక్కని మెత్త అవుతుంది. అక్కగారి జుట్టే కాబట్టి రంగు తేడా రాదు, కొప్పు సందుల్లోంచి కనిపించినా దోషం లేదు. వెనుక జుట్టును గట్టిగా కాకుండా ఒకే పోనీటెయిల్‌గా కట్టి, ఆ కట్టు మీద ఈ మెత్తను నాలుగు వైపులా పిన్ను చేసి, జుట్టును పాయలుగా తీసి దాని చుట్టూ చుట్లుగా తిప్పండి. పూలు ఉండవు గనుక చుట్లు పైకి కనిపించేలా, ఒకదాని కొస మరొకదాని కిందికి పోయేలా వేయాలి. కొప్పుకు యు ఆకారపు పిన్నులే వాడండి. పిన్నును ముందు బయటి దిశగా పెట్టి, చుట్టులోంచి నాలుగు వెంట్రుకలను పట్టుకున్నాక, లోపలి వైపుకు తిప్పి అడుగు కట్టులోకి తోయాలి. అప్పుడే అది కొక్కెంలా పట్టుకుంటుంది. నల్ల స్లైడ్లు వాడేచోట వంకరలు ఉన్న వైపు తలకు ఆనేలా పెట్టాలి. చాలామంది దీన్ని తిరగేసి పెట్టి, పిన్నులు మంచివి కావని దుకాణం మారుస్తుంటారు.

ఆఖరున కొప్పు మీద సన్నని నల్ల నెట్ వేసేయండి. తలంబ్రాల బియ్యం చుట్ల మధ్యకు దిగకుండా అదే ఆపుతుంది. పూల లోటు తీర్చడానికి పాపిటబిళ్ళ, సూర్యచంద్రులు, కొప్పు నడుమ ఒక్క జడబిళ్ళ సరిపోతాయి. జడనాగరం మాత్రం ఈ కొప్పుకు కుదరదు. అది వాలుజడ నగ, దాని బరువుకు కొప్పు వెనక్కి ఒరుగుతుంది.

చిత్తూరు సైన్సు టీచరు:

పై వారు చెప్పిన పద్ధతి ఎందుకు పనిచేస్తుందో, కొండ మీద ఎక్కడ దెబ్బతినవచ్చో కొంత చేర్చాలని అనిపించింది. వెంట్రుకలో ఉండే కెరాటిన్ పోగుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఉంటాయి. నీరు చేరితే అవి విడిపోతాయి, ఆరేటప్పుడు వెంట్రుక ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో తిరిగి ఏర్పడతాయి. రోలరు మీద పూర్తిగా ఆరాలని అనడానికి కారణం ఇదే. వేడి ఇస్త్రీ కూడా చేసేది ఇదే పని, కాకపోతే త్వరగా చేస్తుంది. తడి జుట్టు మీద దాన్ని పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు పుడతాయి, అక్కడే తెగుతుంది. పారిస్‌లో మార్సెల్ గ్రాతో 1872లో వేడి పటకారుతో అలలు తీర్చడం మొదలుపెట్టినా, 1920లలో వేళ్లతోనూ దువ్వెనతోనూ తడి జుట్టులో అలలు తీర్చి ఆరబెట్టే పద్ధతి ఎంతో ఆదరణ పొందింది. మీ అక్కగారికి నప్పేది ఆ రెండవ దారే.

తేమ చేరితే ఆ బంధాలు మళ్లీ సడలుతాయి. తిరుమల దాదాపు 850 మీటర్ల ఎత్తున ఉంది, మాఘమాసంలో తెల్లవారుజామున మంచు, చెమ్మ ఉంటాయి. అవిసె జిగురు కూడా నీటిలో కరిగే పదార్థమే కాబట్టి ఆ చెమ్మకు మెత్తబడుతుంది. రోలర్లు, పేలికలు తల మీద ఉండగానే పైన నూలు గుడ్డ కట్టి కొండకు తీసుకువెళ్లి, గదిలో తలుపులు వేసుకుని, ముహూర్తానికి వీలైనంత దగ్గరగా విప్పి కొప్పు వేయడం మంచిది. కింద వేసుకుని వెళ్తే ఘాట్ రోడ్డు మలుపుల్లో సీటుకు ఆని వెనుక భాగం ఎలాగూ నలుగుతుంది.

బోరు నీళ్లకు సంబంధించి ఒక్క మాట. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారి జుట్టుకు అంటుకుంటాయి. కుంకుడుకాయలోని సపోనిన్లు సబ్బులు కావు గనుక ఆ తెట్టు కట్టవు. అందువల్ల ఆ తలంటు కుంకుడుకాయతో చేసి, ఆఖరి చెంబు మాత్రం వడపోత యంత్రం నీళ్లు పోయండి. కుంకుడు రసం తర్వాత జుట్టు కొంచెం గరుకుగా ఉండటం మామూలు రోజుల్లో నచ్చదు కానీ, కొప్పుకు ఆ గరుకుదనమే పట్టు. ఆ రోజు కండిషనర్ జోలికి పోవద్దు. తలంటుకు ముందు కొబ్బరినూనె పట్టిస్తే జుట్టు ప్రోటీన్ కోల్పోవడం తగ్గుతుందని 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. చేసినవారు కొబ్బరినూనె వ్యాపారంలో ఉన్న సంస్థవారేనన్నది గుర్తుంచుకుని చదవాలి, అయినా పొద్దుతిరుగుడు నూనెతోనూ, మినరల్ ఆయిల్‌తోనూ పోల్చి చూసిన ఫలితమది. కాబట్టి ఇప్పటి నుంచి వారం వారం తలంటుకు ముందు రాయండి, పెళ్లికి ముందురోజు మాత్రం వద్దు.

స్ప్రే వాడకూడదని నేను గట్టిగా చెప్పే కారణం జుట్టు గురించి కాదు. ఆ డబ్బాల్లో ఆల్కహాలు, మండే వాయువులు ఉంటాయి. పెళ్లికూతురు కూర్చునేది హోమగుండం పక్కన. తప్పనిసరైతే గదిలోనే దూరం నుంచి పలుచగా కొట్టి, పూర్తిగా ఆరిన తర్వాతే బయటికి తీసుకురావాలి.

చంద్రగిరి పెద్దమ్మ:

తల్లీ, ఇన్ని మాటలు చెప్పారు గానీ, పెళ్లినాటి తెల్లవారుజామున మంగళస్నానం ఉంటుందన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. రాత్రంతా కష్టపడి చుట్టిన రోలర్ల మీద చెంబెడు నీళ్లు పోస్తే ఏం మిగులుతుంది? మీ ఇంటి పెద్దలతో ఇప్పుడే మాట్లాడుకో. మా వైపు, పెళ్లికూతురిని చేసిన రోజున నలుగు పెట్టి నిండుగా తలంటుతారు, ముహూర్తం రోజున గరికతో నడినెత్తిన నూనె చుక్క పెట్టి, ఒంటికి మాత్రం స్నానం చేయిస్తే చాలునంటారు. నడినెత్తిన చదునుగా వదలమన్నారు కదా, ఆ చుక్క నూనె కూడా అక్కడికే చెల్లు. మీ ఇంట్లో ఒప్పుకోకపోతే ముహూర్తానికి సాదా జడ వేసి, ఈ కొప్పేదో సాయంత్రం విందుకు వేయి. అప్పుడు కొండ దిగి ఉంటారు, పూలూ పెట్టుకోవచ్చు. నా మనసుకు ఇదే బాగుంది.

సవరం కావాలంటే గాంధీరోడ్డు వైపు ఫ్యాన్సీ దుకాణాల్లో చూడు. అసలు జుట్టేనని చెప్పి అంటగట్టేది కూడా ఉంటుంది. ఒక్క వెంట్రుక అడిగి తీసుకుని కాల్చి చూడు. అసలుదైతే ఈకలు కాలిన కంపు కొట్టి బూడిదగా పొడుమవుతుంది, నకిలీదైతే కరిగి చిన్న గట్టి పూసలా మిగులుతుంది.

మంగాపురం చెల్లెలు:

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. మంగళస్నానం విషయం మా అమ్మతో, అవ్వతో మాట్లాడాను. పెద్దమ్మగారు చెప్పినట్టు ముహూర్తం రోజున గరికతో నూనె చుక్క పెడితే చాలని అవ్వ ఒప్పుకుంది. అక్క మాత్రం విందుకు వాయిదా వేయడానికి ససేమిరా అంటోంది, కాబట్టి కొప్పు కొండ మీదే. రెండు సందేహాలు మిగిలాయి. ముందు పఫ్ కింద కూడా మెత్త పెట్టాలా, లేక బ్యాక్‌కోంబింగ్, అంటే ఎదురు దువ్వి ఉబ్బించడం, చేయాలా? రాత్రి ఇంటికి వచ్చాక చిక్కుపడకుండా దీన్నంతా విప్పడం ఎలా?

తిలక్ రోడ్డు అలంకరణ:

సన్నని జుట్టుకు ముందు భాగంలో మెత్త పెడితే, వెలుతురు పడినప్పుడు నుదుటి పైన దాని అంచు గీతలా కనిపిస్తుంది, అందుకని పఫ్ వరకు నేను బ్యాక్‌కోంబింగే చేస్తాను. ఇది పాడు పద్ధతేనని ఒప్పుకోవాలి. వెంట్రుక పైపొర మీది పొలుసులు కుదుళ్ల నుంచి కొసల వైపు వాలి ఉంటాయి, ఎదురు దువ్వితే అవి లేస్తాయి. 1960లో షికాగోలో మార్గరెట్ విన్సీ హెల్డ్ రూపొందించిన తేనెపట్టు కొప్పు ప్రపంచమంతా పాకిన రోజుల నుంచి ఈ నష్టం ఉన్నదే. కానీ ఒక్కరోజుకు, అడుగు పాయలకు మాత్రమే చేస్తే అంత ముప్పు లేదు. పఫ్ పైపాయను పక్కకు తీసి పెట్టండి. కింది రెండు మూడు పాయలను ఒక్కొక్కటే నిటారుగా పట్టుకుని, కుదుళ్లకు రెండంగుళాల ఎత్తు నుంచి తల వైపుకు మాత్రమే చిన్న చిన్నగా దువ్వి దించాలి. దువ్వెనను పైకీ కిందికీ ఆడించకూడదు, ముడులు పడేది అలాగే. తర్వాత పైపాయను వాటి మీద కప్పి, పైపైన మెత్తని బ్రష్‌తో నిమిరి, పఫ్ కొసలను చదును భాగానికి ముందే పిన్ను చేయండి.

కట్టు ఎక్కడా లాగినట్టు ఉండకూడదు. కొప్పు వేశాక అక్కగారిని కనుబొమలు పైకెత్తమనండి. నుదుటి చర్మం పట్టేసినట్టు అనిపిస్తే పఫ్ పిన్నులు తీసి వదులు చేయాల్సిందే. సాయంత్రం విందు దాకా అదే కొప్పు ఉంచుతారు గనుక ఇది ముఖ్యం. జీలకర్ర బెల్లం మాత్రం విందు దాకా ఉండనివ్వకండి. తంతు ముగియగానే తడిపి పిండిన గుడ్డతో నడినెత్తిన అద్ది తుడిచేయండి. బెల్లం నీళ్లకు కరుగుతుంది, నూనెకు కరగదు. కొండ దిగాక కొప్పు చుట్టూ మల్లెలు కట్టుకోవడానికి ఎలాగూ అడ్డు లేదు, నెట్ తీసేసి కట్టండి.

రాత్రి విప్పేటప్పుడు ముందు నగలు, తర్వాత యు పిన్నులు, ఆఖరున స్లైడ్లు తీయాలి. పెట్టేటప్పుడే ఎన్ని పిన్నులు పెట్టారో ఒక కాగితం మీద రాసుకుంటే ఒకటి లోపల మిగిలిపోయి దిండు మీద గుచ్చుకోదు. మెత్త తీసి పక్కన పెట్టి, చుట్లను వేళ్లతో విడదీయండి. బియ్యం గింజలు ఉంటే తల వంచి దులపండి. బ్యాక్‌కోంబింగ్ చేసిన చోట నీళ్లు తగలనివ్వకుండా, అరచేతిలో కొబ్బరినూనె తీసుకుని ఆ ముడుల మీద అద్ది పావుగంట ఆగండి. తడి జుట్టు సాగి తెగుతుంది, నూనెతో అయితే ముడి జారుతుంది. పెద్దపళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి రండి. కుదుళ్ల నుంచి దువ్వుతూ దిగితే చిక్కంతా కిందికి చేరి ఒకటే ముద్దవుతుంది. ఆ రాత్రికి వదులుగా ఒక జడ వేసి పడుకోబెట్టి, మర్నాడు కుంకుడుకాయతో తలంటితే అవిసె జిగురు, నూనె రెండూ పోతాయి. ఆ తర్వాత వారం పాటు బిగుతు కొప్పులు, రబ్బరు బ్యాండ్లు వద్దు. ముఖ్యంగా చెవుల పైన, నుదుటి అంచున ఉండే సన్న వెంట్రుకలు లాగుడుకు త్వరగా ఊడుతాయి.

ఇంకొకటి. పెళ్లికి పది రోజుల ముందు ఒకసారి పూర్తిగా వేసి చూడండి. రోలర్లు ఆరడానికి ఎంతసేపు పడుతుందో, మెత్త ఎంత పెద్దది కావాలో అప్పుడు తెలుస్తుంది. ఆ రోజున బాసికం కూడా కట్టి చూడటం మరచిపోవద్దు.